సమిధలు పట్టుకుని వచ్చిన ఆరుగురు: సత్సంగానికి కొత్తగా వెళ్ళేవాళ్ళ కోసం



పోయిన వీడియోలో ప్రశ్నోపనిషత్తు మొదలుపెట్టి, ఆ ఆరుగురు ఋషుల పేర్లు చెప్పేసరికే టైమ్ అయిపోయింది. అసలు చెప్పాలనుకున్నది అక్కడే ఉండిపోయింది, అది ఇక్కడ రాస్తున్నాను. మీలో చాలామంది ఈ మధ్య గీతా క్లాసులకి, అపార్ట్‌మెంట్ సత్సంగాలకి వెళ్ళడం మొదలుపెట్టారు. వెళ్ళినవాళ్ళలో సగం మంది నోరు తెరవడానికి భయపడతారు. ఇంకో సగం మంది మొదటి రోజే తెరిచి, రెండో వారం నుంచి కనిపించరు. ఈ పోస్టు ఆ రెండు సగాల కోసమూ.

ముందు ఒక్క భయం తీసేద్దాం. ప్రశ్న అడగడం మన దగ్గర తప్పు కాదు. ఒక ఉపనిషత్తు పేరే ప్రశ్న. ఇంకోదాని పేరు కేన, అంటే 'దేనిచేత?' అని. అదీ ప్రశ్నే. కఠోపనిషత్తులో ఒక పిల్లవాడు యముడి ఇంటికి వెళ్ళి మరీ అడిగాడు. గీత మూడో అధ్యాయం మొదట్లో అర్జునుడు కృష్ణుడితో ఏమన్నాడో గుర్తుందా? నువ్వు కలగాపులగంగా మాట్లాడి నన్ను అయోమయంలో పడేస్తున్నావు, ఏదో ఒకటి తేల్చి చెప్పు, అన్నాడు. సాక్షాత్తూ భగవంతుడితో! కృష్ణుడికి కోపం రాలేదు. మళ్ళీ మొదటి నుంచి చెప్పాడు. కాబట్టి 'పెద్దవాళ్ళని ప్రశ్నించకూడదు' అని మీకెవరైనా చెబితే, అది వాళ్ళ స్వభావం అనుకోండి, శాస్త్రం అనుకోకండి.

ఇక ఆ ఆరుగురి సంగతి. సుకేశుడు, సత్యకాముడు, గార్గ్యుడు, కౌసల్యుడు, భార్గవుడు, కబంధి. వీళ్ళేమీ నిన్నమొన్న మొదలుపెట్టినవాళ్ళు కారు. బ్రహ్మనిష్ఠ ఉన్నవాళ్ళు అని ఉపనిషత్తే చెబుతుంది. అయినా పిప్పలాద మహర్షి దగ్గరికి వచ్చేటప్పుడు చేతుల్లో సమిధలు పట్టుకుని వచ్చారు. సమిధలంటే హోమంలో వేసే ఎండు పుల్లలు. విలువ చూస్తే ఏమీ లేదు. 'మీ ఇంట్లో జరిగే పనిలో నేనూ ఒక చెయ్యి వేస్తాను' అని చెప్పడం అది. ఇవాళ సత్సంగానికి సమిధలు ఎవరూ అడగరు. పది నిమిషాలు ముందెళ్ళి జంపఖానా పరవండి, అయిపోయాక కుర్చీలు సర్దండి, ప్రసాదం పంచేటప్పుడు ఆకులు అందించండి. కృష్ణుడు నాలుగో అధ్యాయంలో నమస్కారం, ప్రశ్న, సేవ మూడూ కలిపి చెప్పింది ఊరికే కాదు. కుర్చీలు సర్దేటప్పుడు పక్కవాళ్ళతో మాట కలుస్తుంది. మాట కలిశాక ప్రశ్న అడగడం తేలికవుతుంది.

పిప్పలాదుడు వాళ్ళని చూసి ఏమన్నాడు? ఇంకో ఏడాది ఇక్కడ ఉండండి, తపస్సుతో, బ్రహ్మచర్యంతో, శ్రద్ధతో ఉండండి, ఆ తరవాత మీకు తోచిన ప్రశ్నలు అడగండి, మాకు తెలిస్తే అన్నీ చెబుతాం, అన్నాడు.

ఏడాది! మనకి ఏడు నిమిషాలు ఆగడం కష్టం. నేను ఏడాది ఆగమనట్లేదు. నాలుగు వారాలు కూర్చోండి. ఊరికే వినండి. ఆ నాలుగు వారాల్లో చాలా తెలుస్తుంది. ఇక్కడ ఏ పుస్తకం చదువుతున్నారు, ఎంతవరకు వచ్చారు, ఎవరు చదువుకుని మాట్లాడతారు, ఎవరు గొంతు పెంచి మాట్లాడతారు, ఏ ప్రశ్న ఇప్పటికే పదిసార్లు వచ్చి వెళ్ళింది. మీ ప్రశ్న ఆ పదకొండోది అయితే, పక్కాయన్ని మెల్లగా అడిగితే చాలు, చెబుతాడు. అందరి టైమూ మిగులుతుంది. ఒక్కోసారి నాలుగో వారానికి ప్రశ్నే మారిపోతుంది. అది ఇంకా మంచిది.

ఇంకో చిన్న విషయం, చాలామంది గమనించరు. ఉపనిషత్తు మొదట్లో పేర్లు ఒక వరసలో వస్తాయి, సుకేశుడు మొదటివాడు, కబంధి చివరివాడు. ప్రశ్నలు మాత్రం సరిగ్గా తలకిందుల వరసలో వస్తాయి. చివరి పేరున్న కబంధి మొదట అడిగాడు, ఈ ప్రాణులన్నీ ఎక్కడి నుంచి పుట్టాయని. మొదటి పేరున్న సుకేశుడు ఏడాది ఆగి, ఆపైన ఐదుగురి ప్రశ్నలూ, ఐదు జవాబులూ పూర్తిగా విని, అందరి వెనక అడిగాడు. ఎందుకలా అని ఉపనిషత్తు చెప్పదు. నాకు మాత్రం అది చూసినప్పుడల్లా ముచ్చటేస్తుంది. ఒక్కొక్కరు ఒక్కొక్కటి అడిగారు, ఒకరి మధ్యలో ఇంకొకరు దూరలేదు. మన సత్సంగాల్లో ఒకాయన 'నాదొక చిన్న డౌటు' అని లేచి ఐదు ప్రశ్నలూ, ఒక ఉపన్యాసమూ కలిపి ఇస్తాడు. అష్టావధానంలో అప్రస్తుత ప్రసంగానికి ఒక పృచ్ఛకుణ్ణి ప్రత్యేకంగా కూర్చోబెడతారు. మనకి ఆ ఖర్చు లేదు, ఆయన తనంతట తనే వస్తాడు.

సుకేశుడు అడిగిన ప్రశ్న దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. ఆయన నేరుగా ప్రశ్న వేయలేదు, ముందు జరిగింది చెప్పాడు. స్వామీ, ఒకసారి కోసల రాజకుమారుడు హిరణ్యనాభుడు నా దగ్గరికొచ్చి, పదహారు కళలున్న పురుషుడు మీకు తెలుసా అని అడిగాడు. నాకు తెలియదన్నాను. తెలిస్తే నీకెందుకు చెప్పనూ అన్నాను. అబద్ధం చెప్పేవాడు వేళ్ళతో సహా ఎండిపోతాడు, అందుకే అబద్ధం చెప్పలేను. అతను మారు మాట్లాడకుండా రథమెక్కి వెళ్ళిపోయాడు. ఆ పురుషుడు ఎక్కడున్నాడో ఇప్పుడు మిమ్మల్ని అడుగుతున్నాను.

చూశారా? ప్రశ్న ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాడు. తనకి ఎంతవరకు తెలుసో, ఎక్కడ ఆగిపోయాడో చెప్పాడు. ఒక రాజు కొడుకు ముందు 'తెలియదు' అన్న సంగతి దాచుకోలేదు. పిప్పలాదుడు కూడా మొదట్లో 'మాకు తెలిస్తే' అనే అన్నాడు. అంటే ఆ ఆశ్రమంలో తెలియదు అనే మాటకి పరువు ఉంది. మీరు వెళ్ళే చోట ఆ మాట ఎవరి నోటా వినపడకపోతే, కొంచెం జాగ్రత్తగా ఉండండి. అన్నిటికీ అప్పటికప్పుడు జవాబున్నవాళ్ళ దగ్గర నేనైతే ఒకటికి రెండుసార్లు పుస్తకం తీసి చూసుకుంటాను.

ప్రశ్న వెనక కథ చెప్పడం ఎందుకంత ముఖ్యమో ఒక సంఘటన చెబుతాను. చాలా ఏళ్ళ కిందట, హైదరాబాద్‌లో ఒక సత్సంగం. నేను అప్పటికి మూడో వారమే వెళ్తున్నాను, వెనక వరసలో కూర్చున్నాను. నా పక్కన ఇరవై ఐదు, ఇరవై ఆరేళ్ళ అమ్మాయి, ఆఫీసు బ్యాగుతోనే వచ్చింది. ప్రశ్నల సమయంలో లేచి, 'ఆడపిల్లలు తండ్రికి కర్మ చేయొచ్చని శాస్త్రంలో ఉందా సార్?' అని అడిగింది. అంతే. ఇక చూడండి. ఒకాయన ఉందన్నాడు, ఒకాయన లేదన్నాడు. ఏ గ్రంథంలో అని ఒకరు, మీరు చదివారా అని ఇంకొకరు. ఈ కాలం పిల్లలకి అన్నింట్లో సమానత్వం కావాలి అని ఒక పెద్దాయన నవ్వాడు. కొందరు ఆయనతో కలిసి నవ్వారు. ముప్పావుగంట నడిచింది. ఎందుకడుగుతున్నావమ్మా అని మాత్రం ఒక్కరూ అడగలేదు. ఆ అమ్మాయి హారతి దాకా ఉండకుండా లేచిపోయింది.

చెప్పుల దగ్గర కలిశాను. వాళ్ళ నాన్నగారు ఆ రోజుకి తొమ్మిది రోజులుగా ఐసీయూలో ఉన్నారు. ఆమె ఒక్కతే సంతానం. డాక్టర్లు ఆశ పెట్టుకోవద్దన్నారు. ఊరి నుంచి పెదనాన్న కొడుకు ఫోన్ చేసి, నేనే చేయాలి కదా, లీవు ఎప్పటి నుంచి పెట్టుకోమంటావు అని అడిగాడట, మనిషి ఇంకా ప్రాణంతో ఉండగానే. నాన్న మాత్రం స్పృహలో ఉన్నప్పుడు, నువ్వే చెయ్యాలిరా అన్నారట. అందుకొచ్చి అడిగింది.

నాకు తెలిసిన ఒక పెద్ద పురోహితుడి దగ్గరికి తీసుకెళ్ళాను. అపరకర్మలు చేయించే ఆయన. ఆ అమ్మాయి ఈసారి మొత్తం చెప్పింది. ఆయన మధ్యలో మాట్లాడలేదు. అంతా విని, 'సంప్రదాయాన్ని బట్టి మాట మారుతుందమ్మా, వద్దనేవాళ్ళూ ఉంటారు. మీ నాన్నగారు నోటితో అడిగారు. నువ్వు చెయ్యి, నేను దగ్గరుండి చేయిస్తాను' అన్నారు. ఐదు నిమిషాలు పట్టలేదు. మాటిచ్చినట్టే చేయించారు కూడా.

అందుకే ఆ సత్సంగంలో ముప్పావుగంట మాట్లాడినవాళ్ళ మీద నాకు ఇప్పటికీ కొంచెం కినుక. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. ప్రశ్న కనపడింది, మనిషి కనపడలేదు. మీరు పాతవాళ్ళయ్యాక కొత్తగా ఎవరైనా లేచి అడిగితే, జవాబు మొదలుపెట్టే ముందు 'ఏమైంది నాన్నా, ఏమైంది తల్లీ' అని ఒక్కసారి అడగండి. కొత్తవాళ్ళకి నేను చెప్పేది, మీ ప్రశ్నకి ముసుగు వేయకండి. ఇంటి సంగతి అందరి ముందూ చెప్పలేకపోతే అసలు అక్కడ అడగొద్దు. అయిపోయాక, మీకు నమ్మకం కుదిరిన ఒక్కరి దగ్గర కూర్చుని అడగండి. దానికి కూడా ఆ నాలుగు వారాలు పనికొస్తాయి. ఆ అమ్మాయికి అంత టైమ్ లేదు, నిజమే. ప్రాణం మీదికొచ్చినప్పుడు ఏడాదీ లేదు, నాలుగు వారాలూ లేవు. మొదటి రోజే అడగొచ్చు, విషయం చెప్పి అడగండి.

జవాబు నచ్చకపోతే? బృహదారణ్యకంలో జనకుడి సభ ఉంది. వెయ్యి ఆవులు, కొమ్ములకి బంగారం కట్టించి, మీలో బ్రహ్మజ్ఞానంలో గొప్పవాడు తోలుకుపోవచ్చన్నాడు. యాజ్ఞవల్క్యుడు తోలుకురమ్మని శిష్యుడితో చెప్పాడు. ఒకరి తరవాత ఒకరు లేచి ఆయన్ని పరీక్షించారు. గార్గి లేచి, ఇది దేని మీద ఆధారపడింది, అది దేని మీద, అది దేని మీద అని బ్రహ్మలోకం దాకా తీసుకెళ్ళింది. ఆయన, ఇంక అడగొద్దు, హద్దు దాటుతున్నావు అన్నాడు. గార్గి ఊరుకుంది. అలిగి వెళ్ళిపోలేదు. ఇంకొకరి ప్రశ్న అయ్యేదాకా ఉండి, మళ్ళీ లేచి, సభ అనుమతి తీసుకుని, ఈసారి రెండే రెండు ప్రశ్నలు, రెండు బాణాల్లాగా వేసింది. అక్షరం గురించి అంత గొప్ప మాట మనకి దొరికింది ఆ రెండో ప్రయత్నం వల్లే. సమాధానం విని, ఈయన్ని మీరు గెలవలేరు, నమస్కారంతో బయటపడితే అదే పదివేలనుకోండి అని సభకి తనే చెప్పింది.

ఆమె తరవాత శాకల్యుడు లేచాడు. ఆయన మొదటి ప్రశ్న నిజంగా గొప్పది. దేవతలు ఎంతమంది? మూడువేల మూడువందల ఆరు అన్నాడు యాజ్ఞవల్క్యుడు. సరే, అసలు ఎంతమంది? ముప్ఫైమూడు. అసలు? ఆరు. మూడు. రెండు. ఒకటిన్నర. ఒక్కడు. ఎంత బాగుందో చూడండి. కానీ శాకల్యుడు అక్కడ ఆగలేదు. గార్గి చెప్పిన మాట కూడా విన్నవాడే, అయినా ఎలాగైనా పడగొట్టాలని అడుగుతూనే పోయాడు. చివరికి యాజ్ఞవల్క్యుడు తిరిగి ఒక ప్రశ్న వేస్తే చెప్పలేక, తల తెగి పడిందని కథ. మన సత్సంగాల్లో తలలు పడవు లెండి, మొహాలు మాడిపోతాయి అంతే.

గార్గిలా ఆగి మళ్ళీ రండి. జవాబు నచ్చలేదని ఆ రాత్రే మానేయొద్దు. అలాగని అన్ని చోట్లా ఉండిపోమని కాదు. అడిగినందుకు అవమానించే చోట, ప్రశ్నకి బదులు రసీదు పుస్తకం బయటికి తీసే చోట, ఇంట్లోవాళ్ళకి చెప్పొద్దు అనే చోట ఉండకండి. చెప్పులు వేసుకుని వచ్చేయండి, దేవుడేమీ అనుకోడు.

జవాబు దొరికాక ఒక పని మిగులుతుంది, చాలామంది మర్చిపోతారు. మళ్ళీ వెళ్ళి చెప్పాలి, మీరు చెప్పినట్టు చేశాను, ఇలా జరిగింది అని. గీత చివర్లో కృష్ణుడే అర్జునుణ్ణి అడిగాడు, విన్నావా, నీ మోహం పోయిందా అని. చెప్పినవాళ్ళకి అది తెలియాలని ఉంటుంది. ఆ అమ్మాయి పన్నెండో రోజు అయ్యాక ఆ పురోహితుడి ఇంటికి వెళ్ళి నమస్కారం పెట్టి వచ్చింది. ఆ తరవాత ఇద్దరు ఆడపిల్లలు అదే అవసరంతో వస్తే, మీరు ఒకసారి వాళ్ళతో మాట్లాడండమ్మా అని ఆయన ఈమె నంబరే ఇచ్చారు.

వచ్చే వీడియోలో నాలుగో ప్రశ్న తీసుకుందాం. గార్గ్యుడు అడిగింది, ఈయన వేరు, గార్గి వేరు. మనం నిద్రపోతే లోపల మేలుకుని ఉండేది ఎవరు, కలలు చూసేది ఎవరు అన్నాడు. రాత్రి రెండింటికి ఫోన్ చూస్తూ పడుకునే మనందరికీ పనికొచ్చే ప్రశ్న. శనివారం సాయంత్రం కలుద్దాం.

హరిః ఓం.