పటం అబద్ధం చెప్పిందా?

కాంటూరు గీతల పాఠం చెప్పేటప్పుడు మా సోషల్ సార్ అమెరికా పాత పటం ఒకటి ప్రింటు తీసి తెచ్చారు. ఒరెగాన్ రాష్ట్రంలోని హార్నీ కౌంటీ. ఎడారి అంటే ఇసుక దిబ్బలనుకున్నాను. ఇది నాలుగు వేల అడుగుల ఎత్తున ఉన్న ఎడారి. తుప్పలు, రాళ్ళు, చలికాలంలో మంచు. మనుషులు తక్కువ, పశువులు ఎక్కువ. వందల, వేల ఎకరాల్లో పశువుల్ని మేపుకునే చోటును వాళ్ళు రాంచ్ అంటారు.

పటం చూస్తే ముచ్చటేసింది. గోధుమరంగు గీతలు ఒత్తుగా ఉన్నచోట స్టీన్స్ కొండ, 9,700 అడుగుల పైమాటే. నీలం గీత తెగితెగి ఉంటే ఆ వాగులో ఏడాదంతా నీళ్ళుండవని అర్థం. బావులు, ఊటలు కూడా గుర్తుపెట్టారు. దాహంతో తిరిగేవాడికి ఆ పటం ప్రాణం పోస్తుంది.

తర్వాత సార్ ఆ చోటి కథ చెప్పారు. అక్కడ పాయూట్ జనం తరతరాలుగా ఉండేవాళ్ళు. 1872లో ప్రభుత్వమే వాళ్ళకని మల్హ్యూర్ పేరుతో భూమి కేటాయించింది. 1878లో యుద్ధం వచ్చింది. యుద్ధం చేయనివాళ్ళతో సహా 500 మందికి పైగా జనాన్ని 1879 జనవరి చలిలో, మంచులో దూరాన ఉన్న యాకిమాకు తరలించారు. ఆ భూమి ఇతరుల పాలైంది. ఇలాంటి పటాలు గీసే సర్వే సంస్థ పుట్టిందీ ఆ ఏడాది మార్చిలోనే.

పటంలో ఆ హద్దు కోసం వెతికాను. లేదు. మల్హ్యూర్ పేరు మాత్రం ఉంది. ఫ్రెంచిలో దురదృష్టం అని అర్థం. వేటగాళ్ళు దాచుకున్న సామాను పోయిందని నదికి అలా పేరు పెట్టారట. సామాను పోయినవాళ్ళ బాధ పేరై నిలిచింది. ఊరే పోయినవాళ్ళ బాధకు పేరు లేదు.

"సర్వేయరు కళ్ళ ముందున్నది గీశాడు, లేనిది ఎలా గీస్తాడు సార్?" అన్నారు మావాళ్ళు. నేనూ చేయెత్తబోయి ఆగిపోయాను. ఏడో తరగతిలో నేను మా వీధి పటం గీశాను. కాలవగట్టు మీది గుడిసెలు గీయలేదు. తెలియక కాదు, చార్టు నీటుగా ఉండదని. పదికి పది వచ్చాయి, గోడకు అంటించారు కూడా. ఆ గుడిసెల్లో ఉండే నా క్లాస్‌మేట్ దాని ముందు నిలబడి, కాలవ వెంబడి వేలు పెట్టి చాలాసేపు వెతికాడు. నన్నేమీ అడగలేదు.

ఏ పటంలోనూ అన్నీ పట్టవు, ఏదో ఒకటి వదలాల్సిందే. ఆ సర్వేయరు వచ్చేసరికి ఆ హద్దు అక్కడ లేదు. నేను గీసేటప్పుడు వీళ్ళు ఇక్కడే ఉన్నారు. కాబట్టి నాదే పెద్ద తప్పనిపిస్తోంది, ఒక్క గీత కూడా అబద్ధం గీయకపోయినా సరే.

ఇది రాసేముందు వాణ్ణి అడిగాను, ఆ చార్టు గుర్తుందా అని.

"ఎందుకు లేదురా? మా ఇంటి పక్క చింతచెట్టు గీశావుగా" అన్నాడు.