రెండు బొమ్మల మధ్య

మా అక్క కూతురికి పదమూడేళ్లు. మాటలు లేవు. ఏడాదిన్నర వయసుకి నేర్చుకున్న నాలుగు మాటలూ, గ్లాసు పట్టుకునే ఒడుపూ ఒక్కొక్కటిగా పోయాయి. తడిగుడ్డ పిండుతున్నట్టు చేతులు ఎప్పుడూ ఒకదాన్నొకటి నలుపుకుంటూ ఉంటాయి. రెట్ సిండ్రోమ్. 1966లో వియన్నా డాక్టరు ఆండ్రియాస్ రెట్ వర్ణించిన ఈ స్థితికి ఎక్కువమందిలో కారణం ఎక్స్ క్రోమోజోము మీదున్న ఒక జన్యువులో మార్పు అని 1999లో తేలింది. దాదాపుగా ఆడపిల్లల్లోనే కనిపిస్తుంది. చేతులూ నోరూ మాట వినకపోయినా చాలామంది పిల్లలకి కళ్లు వింటాయి.

నేను డాక్టరేట్ చేసింది స్త్రీల కథల్లో 'చూపు' మీద. సినిమాలో మగచూపు గురించి 1975లో లారా మల్వీ రాసిన వ్యాసంతో మొదలుపెట్టి మన కథల దాకా వచ్చాను. చూసేవాడికి అధికారం, చూడబడే ఆమెకి మౌనం అని పేజీలకి పేజీలు రాశాను. చూపే మాటగా బతుకుతున్న ఆడపిల్ల మా ఇంట్లోనే ఉందన్న సంగతి మాత్రం నాకు తట్టలేదు.

కిందటేడాది అక్క అప్పు చేసి కంటిచూపుతో నడిచే కంప్యూటర్ కొంది. తెర కింద చిన్న పట్టీ ఉంటుంది. అది కంటికి కనిపించని పరారుణ కాంతిని కళ్లమీద వేసి, కనుపాపనీ, కంటిమీద మెరిసే చుక్కనీ కెమెరాతో పట్టుకుని చూపు ఎక్కడ ఆగిందో లెక్క కడుతుంది. ఒక బొమ్మ మీద చూపు కాసేపు నిలిస్తే అదే ఎంపిక. యంత్రం ఆ మాట పైకి పలుకుతుంది. ఇందులో ఒక చిక్కుంది. మనం దేన్నయినా చూసేది అది కావాలనే కాదు, అదేమిటో తెలుసుకోడానికి కూడా. చూసిందల్లా ఎంపిక అయిపోతే, ముట్టుకున్నదల్లా బంగారమైపోయిన మైదాస్ రాజు గతే. ఈ రంగం వాళ్లు దానికి ఆ రాజు పేరే పెట్టారు.

మొదట్లో స్పీచ్ థెరపిస్టు రెండు బొమ్మలు పెట్టేది: పాట, కథ. ఎంచుకోవడం అలవాటు చేయడానికి. పిల్ల రెండిటినీ ఒకసారి చూసి కిటికీకేసి తిరిగింది. యంత్రం సరిగ్గా పట్టడం లేదనుకుని మళ్లీ సరిచేశాం. మళ్లీ కిటికీయే. మూడోసారికి నాకు అనుమానం వచ్చింది. యంత్రం బాగానే ఉందేమో, ఆ పిల్ల రెండూ వద్దంటోందేమో! అనడానికి 'వద్దు' అనే బొమ్మ మేం పెట్టనే లేదు.

ఆడవాళ్లకి ఇది కొత్తా? ఈ సంబంధమా, ఆ సంబంధమా అని అడిగి, మా అమ్మాయి ఇష్టప్రకారమే చేశాం అనేవాళ్లని మనం చూడలేదా? బొమ్మలు ఎవరు పెట్టారన్నది అడగకుండా ఎంపిక గురించి మాట్లాడటం అర్థం లేని పని.

అయితే రెండో వైపు కూడా చెప్పాలి. ఆ రోజు కిటికీ మీద పావురం వాలి ఉండొచ్చు. ఆమె తిరస్కారం నేను అల్లుకున్న కథ కావచ్చు. మాటలు రాని వాళ్ల చేయి పట్టుకుని టైపు చేయించే పద్ధతిని 1990లలో పరీక్షిస్తే, ఆ మాటలు పట్టుకున్న వాళ్లవేనని తేలింది. ప్రేమతోనే వాళ్లు ఆ పిల్లల నోట తమ మాట పెట్టారు. సాహిత్యంలో మేం తరచూ చేసే పని ఇదే కదా, మూగవాళ్ల తరపున మాట్లాడటం!

తెలియనప్పుడు ఏం చేయాలి? మన అంచనా తప్పయినా ఎదుటి మనిషికి తక్కువ హాని చేసే అంచనాతో నడవమని అన్ డోనెలన్ 1984లో రాసింది. ఆమెకి అర్థమవుతుందనుకుని మాట్లాడి పొరపాటు పడితే పోయేది కొంచెమే. అర్థం కాదనుకుని పొరపాటు పడితే ఒక బతుకే పోతుంది.

ఈ వేసవిలో పిల్ల పెద్దమనిషి అయింది. అక్క అత్తగారు రెండు మాటలు అన్నారు. ఒకటి, ఓణీల ఫంక్షన్ చేయాలని. రెండోది గొంతు తగ్గించి, "ఆ గర్భసంచి తీయించేస్తే పిల్లకీ నీకూ బాధ ఉండదు కదమ్మా" అని.

1994లో మహారాష్ట్రలో, శిరూర్ ప్రభుత్వ వసతి గృహంలోని మానసిక వైకల్యం ఉన్న ఆడపిల్లలకి గర్భసంచులు తీసేసిన సంగతి, స్త్రీ సంఘాలు దాన్ని ఎదిరించిన సంగతి అక్కకి చెప్పాను. స్వల్ప మానసిక వైకల్యం ఉన్న స్త్రీ తన గర్భం ఉంచుకోవాలనుకుంటే ఆమె సమ్మతి లేకుండా తీసేయకూడదని 2009లో సుప్రీంకోర్టు అన్నదీ చెప్పాను. అక్క అంతా విని, "నువ్వు వ్యాసం రాస్తావే. రాత్రి మూడింటికి లేచి ప్యాడ్ మార్చేది నేను" అంది. తలొంచుకున్నాను. కాసేపాగి, "దాన్నే అడుగుదాం" అన్నాను. "ఏ బొమ్మ పెట్టి అడుగుతావు?" అంది.

నా దగ్గర జవాబు లేదు. రెండు బొమ్మలతో అడగలేని ప్రశ్న అది. కానీ అడగలేం కాబట్టి మనమే తేల్చేయొచ్చు అన్నది మాత్రం దాన్నుంచి రాదు. అడగగలిగినవి ముందు అడగాలి. ప్యాడ్ ఎవరు మార్చాలి? తలుపు వేయాలా? ఇప్పుడు వెళ్దామా, తర్వాతా? ప్రతి తెర మీదా 'వద్దు', 'ఇంకొకటి' పెట్టాం. రెట్ పిల్లలకి జవాబు చెప్పడానికి టైము పడుతుంది కాబట్టి ఓపిగ్గా ఆగడం నేర్చుకున్నాం. బొమ్మల స్థానాలు మార్చి, వేరే రోజుల్లో మళ్లీ అడిగి చూస్తున్నాం.

ఓణీ బొమ్మ, చుట్టాల ఫోటో చూపించి ఫంక్షన్ గురించి మూడు రోజులు అడిగాం. మూడుసార్లూ 'వద్దు' మీదే చూపు నిలిచింది. చుట్టాలకి చెప్పేశామని అత్తగారు కోప్పడ్డారు. అక్క భయపడుతూనే ఫంక్షన్ మానేసింది. అన్నాళ్లూ పిల్లకి ఎంచుకోవడం నేర్పుతున్నామనుకున్నాం. దాని ఎంపికకి మనం నష్టపడటం ఆ రోజే మొదలుపెట్టాం.

ఆపరేషన్ మాట ఇంకా ఇంట్లో తిరుగుతూనే ఉంది. నిన్న అక్క ఫోన్ చేసి, రాత్రిళ్లు మార్చడానికి వారంలో రెండు రోజులు వచ్చి ఉంటావా అని అడిగింది. వస్తానన్నాను. "ముందు దాన్నడుగుతాను, నువ్వు సరేనా అని" అంది అక్క.