సుతల ద్వారం దగ్గర

ఈనాటి పఠనం: పోతన భాగవతం, అష్టమ స్కంధం, వామన చరిత్ర

జూడో నేర్చుకోవడానికి వచ్చిన పిల్లలు మొదట్లో ఎవరినీ పడేయరు. పడతారు. గడ్డం ఛాతీకి ఆనించి, తల నేలకు తగలకుండా కాచుకుంటూ పడతారు. ఒళ్లు మ్యాట్‌ను తాకే క్షణంలోనే చెయ్యి బారుగా చాచి, అరచేత్తో మ్యాట్‌ను గట్టిగా చరుస్తారు. అలా చేస్తే దెబ్బ ఒక్కచోట దిగకుండా చెదిరిపోతుంది. వెనక్కి, పక్కకి, ముందుకి ఇదే సాధన. ఇది ఒంటికి పట్టాకే పడేయడం నేర్పుతారు. అది నేర్పేటప్పుడు మంచి కోచ్ ఇంకొకటి కూడా నేర్పుతాడు. ఎదుటివాణ్ణి విసిరినవాడు వాడి అంగీ చెయ్యి వదలకూడదు. వాడు గాలిలో ఉండగానే దాన్ని పైకి లాగి పట్టుకోవాలి. ఆ లాగుడుకి కిందివాడు ఒక పక్కకి తిరిగి దిగుతాడు, తల బతికిపోతుంది.

పడేసిన చెయ్యే కాపాడాలన్న ఈ నియమం తెలిశాక బలి చక్రవర్తి కథ నాకు కొత్తగా అర్థమైంది.

పోతనది జనగామ జిల్లా పాలకుర్తి మండలంలోని బమ్మెర. ఆయన అష్టమ స్కంధం అనగానే అందరికీ గజేంద్రుడే గుర్తొస్తాడు. ఇంకొంచెం ముందుకు వెళ్తే వామనుడు వస్తాడు. మూడడుగులు అడుగుతాడు. వచ్చినవాడు ఎవరో కనిపెట్టిన గురువు శుక్రాచార్యుడు వద్దని హెచ్చరించినా బలి ఇచ్చిన మాట తప్పడు. రెండడుగులకే భూమీ ఆకాశమూ చెల్లిపోతాయి. గరుత్మంతుడు వరుణపాశాలతో బలిని కట్టేస్తాడు. అంతటివాడు కట్లలో ఉన్నాడు, రాజ్యం పోయింది, వెంట నిలిచినవాళ్లు చెదిరిపోయారు. అప్పుడే తాత ప్రహ్లాదుడు వస్తాడు. చేతులు కట్టేసి ఉన్నాయి కనుక బలి తాతకు ఎప్పటిలా పూజ చేయలేకపోతాడు. నీళ్లు నిండిన కళ్లతో తల మాత్రం వంచుతాడు. ప్రహ్లాదుడు మనవడి తరఫున వాదానికి దిగడు. ఇంద్రపదవి ఇచ్చిందీ నువ్వే, తీసుకున్నదీ నువ్వే, రెండూ అనుగ్రహమే అని వామనుడై వచ్చిన హరితో అంటాడు.

ఇక్కడితో కథ అయిపోతే ఆ మాట నాకు మింగుడు పడేది కాదు. నష్టపోయినవాడి ముందు నిలబడి ఇది దేవుడి దయ అనడం చాలా సులువు. కథ అక్కడ ఆగలేదు. హరి బలి కట్లు విప్పించాడు, సుతలానికి పంపాడు, ముందు ముందు రాబోయే మన్వంతరంలో ఇంద్రపదవి నీదేనన్నాడు. అన్నిటికంటే పెద్దది, తానే గద పట్టుకుని సుతల ద్వారం దగ్గర కాపలా నిలిచాడు. రాజ్యం తీసుకున్నవాడే ఆ ఇంటి వాకిలి కాస్తున్నాడు! ప్రహ్లాదుడి మాటకు బలం ఇక్కడి నుంచి వచ్చింది.

కనుక పడిన ప్రతివాడికీ ఇది దేవుడి లీల అని చెప్పడానికి మనం తొందరపడకూడదు. ముందు ఒకటి చూడాలి. పడేసిన చెయ్యి ఇంకా పట్టుకునే ఉందా? 2021లో తైవాన్‌లో ఏడేళ్ల పిల్లవాణ్ణి జూడో క్లాసులో ఒకే పూటలో ఇరవైసార్లకు పైగా మ్యాట్ మీద పడేశారు. తల నొప్పిగా ఉందని వాడు చెప్పినా ఆపలేదు. కోమాలోకి వెళ్లిన ఆ బిడ్డ మళ్లీ లేవలేదు. దాన్ని శిక్షణ అనలేం, క్రమశిక్షణ అనలేం. జూడో పుట్టిన జపాన్‌లోనే, గెలుపు కోసం పెద్దలు పసిపిల్లలను పిండేస్తున్నారని 2022లో ప్రాథమిక పాఠశాల పిల్లల జాతీయ వ్యక్తిగత పోటీలను రద్దు చేశారు. ఆ పని చేసినవాళ్లకు దండం పెట్టాలనిపించింది.

నిజానికి జూడో పుట్టిందే ఒక గుడిలో. 1882లో జిగోరో కానో అనే యువ ఉపాధ్యాయుడు టోక్యోలోని ఎయిషోజీ బౌద్ధాలయంలో పన్నెండు చాపలు పరిచి దీన్ని మొదలుపెట్టాడు. నేనూ ఎదుటివాడూ కలిసి బాగుపడాలన్నది ఆయన పెట్టిన సూత్రాల్లో ఒకటి. ఆయన సంప్రదాయంలో తయారైన మాయెదా అనే జూడో యోధుడు 1914లో బ్రెజిల్ చేరాడు. అక్కడ గ్రేసీ కుటుంబం చేతుల్లో నేల మీది పట్లు పెరిగి బ్రెజీలియన్ జుజుట్సు అయింది. అందులో పట్టు బిగిసినప్పుడు చిక్కినవాడు అరచేత్తో రెండుసార్లు తడితే చాలు, పట్టినవాడు తక్షణం వదిలేయాలి. జూడోలోనూ అంతే. పట్టుకోవాల్సిన చోట వదలకపోవడం, వదలాల్సిన క్షణంలో వదిలేయడం, రెండూ ఒకే మనసుకు సాధ్యం. బలి తల వంచాక పాశాలు ఎందుకు ఊడాయో దీన్నిబట్టి నాకు అర్థమైంది.

జనగామ, మానుకోట, భూపాలపల్లి పాత తరానికి కుస్తీ తెలుసు, తాలింఖానా తెలుసు, ఉస్తాద్ మాట తెలుసు. ఇప్పుడు స్కూల్ గేమ్స్‌లో జూడో ఉంది. జుజుట్సును మన పిల్లలు ఎక్కువగా ఫోన్లలోనే చూస్తున్నారు. రేపు మీ ఊళ్లో ఎవరైనా నేర్పుతామని వస్తే, మెడల్స్ ఎన్ని వచ్చాయని తర్వాత అడగండి. ముందు క్లాసులో ఓ మూల కూర్చుని చూడండి. పిల్లవాడు పడేటప్పుడు ఆ సార్ చెయ్యి ఎక్కడ ఉందో, పిల్లవాడు తట్టినప్పుడు ఎంత త్వరగా వదిలాడో చూడండి. అక్కడ తేడా ఉంటే మీ బిడ్డను ఇంటికి తెచ్చుకోండి.

ప్రార్థన: స్వామీ, మానుకోట తండాల నుంచి, భూపాలపల్లి సింగరేణి కాలనీల నుంచి, జనగామ పల్లెల నుంచి ఆటకు వెళ్లే పిల్లల మెడలను, వెన్నులను కాపాడు. వాళ్లకు నేర్పేవాళ్లకు ఓపిక ఇవ్వు, కోపం వచ్చిన పూట మ్యాట్ దిగి పక్కకు వెళ్లే తెలివి ఇవ్వు. ఈ రోజు మా అదుపులో ఉన్నవాళ్లెవరైనా ఇక చాలని తడితే, ఆ చప్పుడు మాకు వినిపించనివ్వు.