అంతియొకయ తగువు

మా మందిరానికి పైన ఆఫీసు లేదు. బిషప్పు లేడు, డయోసిస్ లేదు, పాస్టర్ల బదిలీలు లేవు. 1836లో ఆంటొనీ నోరిస్ గ్రోవ్స్ వెంట ఇంగ్లండు నుంచి ఓడెక్కి వచ్చిన విలియం బౌడెన్, జార్జ్ బీర్ నరసాపురంలో కాపురముండి చేసిన పనిలోంచి పుట్టిన సంఘాలు మావి. బ్రదరెన్ అంటారు. ఏ ఊరి సంఘం ఆ ఊరిదే. ఉప్పలగుప్తంలో ఆదివారం రొట్టె విరిచేవాళ్ళకి అమలాపురం వాళ్ళు సలహా చెప్పొచ్చు గానీ ఆజ్ఞ ఇవ్వకూడదు. గోడకి సున్నం వేయించాలన్నా, తప్పు చేసినవాణ్ణి సహవాసం నుంచి నిలిపేయాలన్నా ఊళ్ళో పెద్దలదే మాట.

మా పెదనాన్న ఆ పెద్దల్లో ఒకరు. ఊరి బడి కూడా ఇలాగే ఉండాలంటారాయన. "బోర్డు మీద మండల పరిషత్ అని రాసుంటుంది గానీ, మండలం చేతిలో ఏముందో చెప్పమ్మా" అని నన్ను నిలదీస్తారు. నిజమే. టీచర్ని డీఎస్సీ ఎంపిక చేస్తుంది, పుస్తకం ఎస్సీఈఆర్టీది, సమగ్ర శిక్ష డబ్బు నూటికి 60 ఢిల్లీది, 40 రాష్ట్రానిది. 1976లో 42వ సవరణ చదువుని రాష్ట్రాల జాబితాలోంచి తీసి ఉమ్మడి జాబితాలో పెట్టింది. 1992లో 73వ సవరణ పంచాయతీలకు ఇవ్వదగ్గ 29 అంశాల్లో ప్రాథమిక, మాధ్యమిక విద్యని చేర్చింది. ఇవ్వాలా వద్దా అన్నది మాత్రం రాష్ట్రాల ఇష్టానికి వదిలేసింది. ఆ ఇష్టం ఎలా ఉంటుందో ఏ సర్పంచుని అడిగినా చెప్తారు.

అయినా పెదనాన్న మాటకి నేను తలూపలేను. కారణం ఆ మందిరమే. అక్కడ ఆడవాళ్ళం ముసుగేసుకుని ఒక పక్కన కూర్చుంటాం. పాటలో గొంతు కలుపుతాం. ఆదివారం బడిలో పిల్లలకి యోసేపు కథ, దావీదు కథ చెప్తాం. కూటంలో మాత్రం నోరెత్తం. అది లేఖనం అంటారు, దాని మీద ఇప్పుడు నేను పేచీ పెట్టడం లేదు. కానీ నలుగురి మధ్య లేచి నేను మొదటిసారి మాట్లాడింది బడి తల్లిదండ్రుల కమిటీలో. అక్కడ నన్ను కూర్చోబెట్టింది ఊరి పెద్దరికం కాదు, 2009 విద్యాహక్కు చట్టం. కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులుండాలి, మొత్తంలో సగం ఆడవాళ్ళుండాలి, వెనకబడిన వర్గాల తల్లిదండ్రులకి తగిన వాటా ఉండాలి అని 21వ సెక్షన్ చెప్తుంది. ఊరికి వదిలేసి ఉంటే ఆ కుర్చీలో నేనుండేదాన్ని కాదు. మా పేట నుంచి ఎవరూ ఉండేవాళ్ళు కాదు. ఊరికి నోరిచ్చిన కమిటీ ఢిల్లీ కడుపున పుట్టింది.

మా కోనసీమ జిల్లా ఎవరి పేరు మోస్తోందో ఆ అంబేడ్కర్ 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో ఈ సంగతే చెప్పారు. గ్రామాన్ని దేశానికి పునాదిగా చూపించేవాళ్ళ ముందు, ఆ గ్రామంలో ఉన్నది సంకుచితత్వం, అజ్ఞానం, మతతత్వం అని మొహమాటం లేకుండా అన్నారు. జిల్లాకి ఆయన పేరు పెడుతున్నారని 2022 మే 24న అమలాపురంలో ఇళ్ళు తగలబెట్టారు. ఆయన వాదనకి వేరే సాక్ష్యం నాకు అక్కర్లేదు. ఇదే కోనసీమ అగ్రహారాల్లో వేదం చెప్పిన తీరు నూటికి నూరుపాళ్ళు స్థానికమే కదా. గురువుగారి ఇంటి అరుగే బడి, ఏ స్వరం ఎక్కడ లేవాలో ఏ ప్రభుత్వమూ చెప్పలేదు. అంత పకడ్బందీ చదువు మళ్ళీ చూడలేం. మా తాతలకి మాత్రం ఆ వీధిలో నడిచే దారే లేదు.

అమెరికాలో మా చెల్లెలి కొడుకున్నాడు, న్యూజెర్సీలో. వాళ్ళ ఊళ్ళో బడికి ఎన్నికైన బోర్డు ఉందని, కట్టే ఇంటి పన్నులో పెద్ద వాటా బడికే పోతుందని గొప్పగా చెప్తాడు. 1979లో పెట్టిన కేంద్ర విద్యాశాఖని మూసేయడానికి 2025 మార్చిలో ట్రంప్ సంతకం పెడితే, ఊరి బడి ఊరికే వస్తోంది పెద్దమ్మా అన్నాడు. 1957లో లిటిల్ రాక్‌లో తొమ్మిది మంది నల్లపిల్లలు బడి గుమ్మం దాటడానికి ఢిల్లీ లాంటి వాషింగ్టన్ సైన్యాన్ని పంపాల్సి వచ్చింది కదరా అన్నాను. అది పాత సంగతి అన్నాడు. పాతదే.

మందిరంలో పెరిగినదాన్ని కాబట్టి నా జవాబు అపొస్తలుల కార్యములు 15వ అధ్యాయంలో వెతుక్కున్నాను. అంతియొకయ సంఘంలో తగువొచ్చింది. యూదులు కానివాళ్ళు ప్రభువుని నమ్మితే చాలా, సున్నతి కూడా చేయించుకోవాలా? యూదయ నుంచి వచ్చిన కొందరు చేయించుకోవాల్సిందే అన్నారు. పౌలూ బర్నబా ఒప్పుకోలేదు. ఏ ఊరి సంఘం ఆ ఊరిదే అయితే అక్కడే తేల్చుకోవాలి. తేల్చుకోలేదు. యెరూషలేముకి మనుషుల్ని పంపారు. అక్కడి అపొస్తలులూ పెద్దలూ కూర్చుని ఉత్తరం రాశారు. సున్నతి అక్కర్లేదు, నాలుగంటే నాలుగు నియమాలు పాటించండి, మిగతాది మీ ఇష్టం. అంతియొకయలో అందర్నీ పోగుచేసి ఆ ఉత్తరం చదివితే జనం సంతోషించారట.

"ఆ తగువు పైకెందుకెళ్ళింది పెదనాన్నా?" అని అడిగాను.

"వాళ్ళు అపొస్తలులమ్మా. ఇప్పుడు అపొస్తలుల్లేరు."

ఆయ్, అదీ నిజమే. అమరావతి సచివాలయంలో అపొస్తలులున్నారని నేనూ అనను. పైకెళ్ళిన తగువు ఎలాంటిదన్నదే నాకు ముఖ్యం. బల్ల దగ్గర ఎవరు కూర్చోవచ్చు అన్న తగువది. కూర్చున్నవాళ్ళే ఓట్లేసుకుని అది తేలిస్తే, నిలబడ్డవాళ్ళకి ఓటే ఉండదు. అందుకే ఆ ఒక్కటీ ఊరి చేతిలో ఉండకూడదు. ఉత్తరంలో తిండి మాట కూడా ఉంది, కాదనను. అదీ ఇద్దరూ ఒకచోట తినడానికి అడ్డు రాకుండా పెట్టినదే అని నా లెక్క. మధ్యాహ్న భోజనం వండేవాళ్ళ నియామకాల్లో దళితులకి, ఆదివాసులకి ప్రాధాన్యమివ్వమని 2004 ఏప్రిల్ 20న సుప్రీంకోర్టు ఆజ్ఞ వేసింది చూడండి, అది యెరూషలేము నుంచి రావాల్సిన ఉత్తరమే.

అలాగని పైవాళ్ళని నమ్ముకుని కూర్చోలేం. గలతీ పత్రిక రెండో అధ్యాయంలో పేతురు అంతియొకయలో అన్యజనులతో కలిసి హాయిగా తింటున్నవాడు, యెరూషలేములోని యాకోబు దగ్గర నుంచి మనుషులు రాగానే బల్ల దగ్గర నుంచి తప్పుకున్నాడు. ఈసారి చెడగొట్టింది యెరూషలేము గాలి. మనకీ అనుభవమే. ఒక కాలంలో మా టీచర్లు పొద్దున్నే మరుగుదొడ్డి ఫొటో తీసి యాప్‌లో ఎక్కించాక గానీ పలక పట్టించలేకపోయేవారు. తర్వాత తీసేశారు, సంతోషం. దొడ్డిలో నీళ్ళొస్తున్నాయో లేదో ఆ ఫొటో కన్నా బడి పక్కింటావిడకి బాగా తెలుసు. 2022లో జీవో 117 పట్టుకుని, కిలోమీటరు లోపు హైస్కూలుంటే మూడు, నాలుగు, అయిదు తరగతుల్ని అందులో కలపమన్నారు. మా వైపు కిలోమీటరంటే మురుగుకాలవ, వానాకాలం, లారీలు తిరిగే రోడ్డు. ఎనిమిదేళ్ళ పిల్లని ఆ దారిన పంపొచ్చా లేదా అన్నది కమిటీలో తల్లులు తేల్చాల్సిన మాట. 2025లో ఆ జీవో రద్దయింది.

కూర విషయంలో పైవాళ్ళకి కొంచెం బుద్ధి వచ్చినట్టే ఉంది. మా లంకల గన్నవరంలో కులం అడక్కుండా అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ గారి పేరు 2024లో రాష్ట్రమంతటి బడి భోజనానికి పెట్టారు. ఆ తర్వాత జోన్ల వారీగా, ఆయా ప్రాంతాల అలవాటుని బట్టి మెనూ మార్చారు. ఆవిడ పొయ్యికి మెనూ ఎవరు పంపారు గనక? ఇంకో మెట్టు దిగి కమిటీ దాకా రావాలంటాను.

బల్ల దగ్గర ఎవరు కూర్చోవాలన్నది పైన, మిగతాది ఊళ్ళో అన్న నా కొలతకి అందని తగువు ఒకటుంది, మీడియం. 2019 నవంబరులో ఇంగ్లీషు మీడియం జీవోలు వచ్చాయి, 2020 ఏప్రిల్ 15న హైకోర్టు కొట్టేసింది. ఆ తర్వాత తల్లిదండ్రుల దగ్గర కాగితాలు తీసుకుంటే నూటికి 96 మంది ఇంగ్లీషుకే టిక్కు పెట్టారని ప్రభుత్వం చెప్పింది. నేనూ పెట్టాను. మామిడికుదురు బోయి భీమన్న గారి 'పాలేరు' నాటకంలో పాలేరు కుర్రాడు చదువుకుని డిప్యూటీ కలెక్టరవుతాడు. ఆ కథ మా పేటల్లో తిరిగినంతగా ఇంకేదీ తిరగలేదు, ఆ మెట్లు ఇప్పుడు ఇంగ్లీషులో ఉన్నాయి. మా అమ్మాయి పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగు. అర్థం కావడానికి ఒకటి చదువుతుంది, పరీక్షకి ఇంకొకటి.

పెదనాన్న ఇక్కడ నన్ను దొరకబుచ్చుకున్నారు. "పెంతెకొస్తు రోజున ఎవరి భాషలో వాళ్ళు విన్నారమ్మా. దేవుడే ఒక్క మీడియం పెట్టలేదు."

"పౌలు అందరికీ ఉత్తరాలు రాసింది గ్రీకులో కదా పెదనాన్నా. వాళ్ళమ్మ మాట్లాడింది గ్రీకా?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ కాసేపు ఆలోచించారు. ఈ తగువు మాత్రం ఏ యెరూషలేముకి పంపాలో మా ఇద్దరికీ ఇంకా తెగలేదు.