ఎవరి దొడ్లో ఎద్దుగా?

అప్పు ఎగ్గొట్టి పోతే మరుజన్మలో ఎద్దై పుట్టి తీర్చుకోవాలంటారు. సరే, ఎవరి దొడ్లో పుట్టాలి?

అమెరికాలోని క్లీవ్‌లాండ్ ఫెడరల్ కోర్టు తీర్పు చదివినప్పటి నుంచీ ఈ ప్రశ్న నన్ను వదలడం లేదు. 2007 అక్టోబరు 31న జడ్జి క్రిస్టొఫర్ బోయ్‌కో 14 తనఖా ఇళ్ల జప్తు దావాలను ఒక్కసారే కొట్టేశారు. దావాలు వేసింది డాయిష్ బ్యాంక్ నేషనల్ ట్రస్ట్ కంపెనీ. తనఖా పత్రాల్లో ఉన్నవేమో మొదట అప్పిచ్చినవాళ్ల పేర్లు. దావా వేసిన రోజుకు ఆ అప్పులు మీవేనని చూపే కాయితం ఏదీ అన్నారు జడ్జి. తెచ్చిన బదిలీ పత్రాల్లో ఒక్కటీ ఆ మాట చెప్పలేదు.

చదివి సంతోషించాను. ఆ సంతోషం మీదే ఇప్పుడు నా అనుమానం. అప్పు తీసుకున్నది నిజం కదా?

నాన్నకు నోటు మీద తెచ్చిన అప్పొకటి ఉండేది. ఇచ్చినాయన పోయాడు. నోటుకు కాలదోషం పట్టింది. ఒకరోజు పొద్దున్నే ఆయన భార్య వచ్చి గుమ్మం పక్కన నిలబడింది. ఇల్లంతా వెతికినా నోటు దొరకలేదంది. నాన్న మంచం వాల్చి కూర్చోబెట్టి, మిరపకాయలు అమ్మగానే ఇస్తానన్నాడు.

"నోటు లేకుండా ఎట్టా ఇస్తావయ్యా? రేపెవరన్నా అది పట్టుకొనొస్తే?" అంది అమ్మ, ఆవిడ వెళ్లాక.

"తీసుకుంది నేను. నోటు కాదు."

డబ్బిచ్చిన రోజున అమ్మ తెల్లకాయితం మీద చెల్లు రాయించి ఆవిడ చేత వేలిముద్ర వేయించింది. సిరా అంటిన వేలిని ఆవిడ కొంగుకు తుడుచుకుంటుంటే నాకు తల కొట్టేసినట్టయింది. నాన్నది ధర్మం, అమ్మది లెక్క అని అప్పుడే తీర్మానించుకున్నాను.

బోయ్‌కో అడిగింది అమ్మ మాటే. నాన్నకు గుమ్మంలో ఒక మనిషి కనబడింది కాబట్టి కాయితం అక్కర్లేకపోయింది. చేతులు మారి, వేల అప్పులతో కలిపి మూటకట్టి అమ్ముడైన బాకీకి ఏ గుమ్మం? అలాగని నాన్న మాట తప్పయిపోతుందా? ఆ తీర్పుతో అప్పులేమీ మాఫీ కాలేదు. కాయితాలు సరిచేసుకుని మళ్లీ దావా వేయొచ్చు. ఇళ్లవాళ్లకు మిగిలింది కొంత గడువు, తాము ఎవరికి బాకీనో తెలుసుకునే హక్కు. అది చిన్నదనడానికి నాకు నోరు రావడం లేదు.

మా ఇంటికి ఆ నోటు పట్టుకుని ఎవరూ రాలేదు. వేలిముద్ర కాయితం అమ్మ ట్రంకుపెట్టెలో చీరల అడుగున ఇప్పటికీ ఉంది. బతికున్నన్నాళ్లూ నాన్న దాన్ని పారేయమని ఒక్కసారి కూడా అనలేదు.