బిడ్డ పుట్టినరోజు - ఇంటిల్లిపాది దాసోహము



మన రాయదుర్గమున పిల్లల పుట్టినరోజులు జరుపుట నేడు చాల ఇండ్లలో అలవాటైనది. అది దోషమని చెప్పుట నా ఉద్దేశము కాదు. బిడ్డ పుట్టిన దినమున తల్లిదండ్రులు సంతోషింపక మరెవరు సంతోషింతురు? అయితే ఆ సంతోషము ఎవరెవరికి చేరుచున్నదో ఒకమారు విచారింపవలెను.

తరచుగా కనబడు దృశ్యమిది. ముందుగదిలో బుడగలు, రంగు కాగితములు, చెవులు చిల్లులుపడు పాటలు. అవ్వ ఆ చప్పుడునకు తాళలేక వెనుకగదిలో కూర్చుండును. తాతకు భోజనవేళ దాటిపోవును. తండ్రి వడ్డీకి తెచ్చిన సొమ్మును మనసులో లెక్కించుకొనుచుండును. పాత్రలు తోమునామె బిడ్డ గడపవద్ద నిలిచి లోపలికి తొంగి చూచుచుండును. ఇందరిని దూరముగా నిలిపిన వేడుకను పండుగ యని ఎట్లందుము?

మన ధర్మమున శిశువునకు గల స్థానము గొప్పది. పుట్టిన శిశువునకు గురుముఖమున లింగధారణ చేయించుట మన ఆచారము. జననసూతకమును శరణులు అంగీకరింపలేదు. పుట్టుక మైల కాదని వారి నిశ్చయము. లింగము మగబిడ్డకెట్లో ఆడుబిడ్డకును అట్లే. కావున కొడుకు పుట్టినరోజునకు ఊరినెల్ల పిలిచి, కూతురి పుట్టినరోజును తలస్నానముతో సరిపెట్టుట మనకు తగదు.

బసవేశ్వరుని బాల్యమును తలచుకొనుడు. తండ్రి మాదిరాజు ఉపనయనము తలపెట్టగా ఆ బాలుడు నిరాకరించెనని పాల్కురికి సోమనాథుడు 13వ శతాబ్దమున మన తెలుగులో, ద్విపదలో రచించిన బసవపురాణము చెప్పుచున్నది. అక్క నాగమ్మకు లేని సంస్కారము తనకేల యని ఆయన అడిగెనని పెద్దలు చెప్పుదురు. పెద్దలు తలపెట్టిన వేడుకను గూర్చి బిడ్డ ప్రశ్నించుట మన చరిత్రలో తప్పుగా ఎంచబడలేదు. కనుక పుట్టినరోజు ఏర్పాట్లు చేయునపుడు బిడ్డను గూడ దగ్గర కూర్చుండబెట్టుకొని, నీకేమి కావలెనని అడుగుడు. అవ్వనును అడుగుడు. ఇరువురి మాటయు విన్న పిదపనే ఖర్చు సంగతి.

అవ్వ తిథి యనును, మనుమడు తేదీ యనును. ఇందు కలహమేల? తిథినాడు ఇంట పూజ, తేదీనాడు తోటిపిల్లలతో ఆట. రెండును ఒకే దినమున జరుపదలచినచో ఉదయము పెద్దలది, సాయంకాలము పిల్లలది, మధ్యాహ్నము అందరిది కావలెను.

ఉదయము బిడ్డకు తలస్నానము చేయించి, విభూతి ధరింపజేసి, అవ్వాతాతల ప్రక్కన కూర్చుండబెట్టి ఇష్టలింగపూజ చేయింపుడు. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్ర రాష్ట్రమేర్పడువరకు మన రాయదుర్గము బళ్ళారి జిల్లాలోనిదే. అందుచేత మన ఇండ్లలో ముసలివారి నోట కన్నడ వచనములు నేటికిని పలుకును. మనుమలు చదువునది తెలుగు. ఆ ఉదయము అవ్వ ఒక వచనము చెప్పి, దాని అర్థమును బిడ్డకు తెలుగులో విప్పిచెప్పినచో అంతకు మించిన కానుక ఏ అంగడిలోను దొరకదు.

మధ్యాహ్నము దాసోహము. ఓళిగలో, చిత్రాన్నమో, శక్తికొలది కొర్రల పాయసమో చాలును. బంధువులు, ఇరుగుపొరుగువారు, పాత్రలు తోమునామె, ఆమె బిడ్డ, అందరును ఒకే పంక్తిని కూర్చుండవలెను. పుట్టినరోజు బిడ్డ తన చేతులతో వడ్డింపవలెను. తుమకూరు సిద్ధగంగా మఠాధిపతులు శ్రీ శివకుమార స్వామివారు 1907 ఏప్రిల్ 1న జన్మించి 2019 జనవరి 21న లింగైక్యులైరి. కులమతములు చూడక వేలాది విద్యార్థులకు అన్నము, వసతి, విద్య ఒసగిన ఆ మహనీయుని జన్మదినమున భక్తులు పెద్దయెత్తున దాసోహము జరిపెడివారు. పుట్టినరోజు ఎట్లు జరుపవలెనో తెలియుటకు మనకిది దగ్గరి నిదర్శనము.

సాయంకాలము పిల్లలు ఆడుకొందురు గాక. కేకు కావలెనని మారాము చేసినచో గ్రుడ్డు కలపనిది తెప్పింపుడు. అందుకై బిడ్డను ఏడిపింపనక్కరలేదు. దీపము ఆర్పించుటకు మారుగా వెలిగింపజేయుడు. ఆటలు ముగిసిన పిదప తాత గొడగూచి కథ చెప్పవలెను. తాను తెచ్చిన పాలు శివుడు త్రాగలేదని ఏడ్చిన ఆ ముగ్ధబాలిక కథను పిల్లలు కదలక విందురు.

చివరగా సొమ్ము మాట. మన అనంతపురము జిల్లాలో ఏడాదికి కురియు సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లే. వేరుసెనగ పంట ఎన్ని మారులు ఎండినదో రైతునకు తెలియును. కుట్టుమిషనుమీద వెన్ను వంచువారికి రూపాయి విలువ తెలియును. కాయకముచే వచ్చినదే దాసోహమునకు తగును. అప్పు తెచ్చి పెట్టిన విందు దాసోహము కాదు. ఆ వడ్డీ రేపు ఆ బిడ్డ చదువునే తినివేయును. పదిమందిని పిలుచు శక్తియున్నచో పదిమందినే పిలువుడు. అదియు లేనిచో గడపవద్ద నిలిచిన ఆ ఒక్క బిడ్డను లోపలికి పిలిచి, మీ బిడ్డ ప్రక్కన కూర్చుండబెట్టి, ఉన్నదే పెట్టుడు. దానితో బసవన్న సంతోషించును.