రోగియైన సైనికుడు – మన వైయావృత్త్యము



మన శాస్త్రములు తపస్సును పండ్రెండు విధములుగా చెప్పినవి. అనశనము మొదలైన ఆరు బాహ్య తపస్సులు. ప్రాయశ్చిత్తము మొదలైన ఆరు ఆభ్యంతర తపస్సులు. పర్వదినములలో ఎనిమిది దినములు ఉపవసించిన వారిని మనము ఊరేగించి సత్కరింతుము. అది తగినదే. కాని ఆభ్యంతర తపస్సులలో వైయావృత్త్యమను నొకటి కలదు. దానిని చేసినవానిని ఎవరును ఊరేగింపరు. ఏలయన అది రోగి మంచము ప్రక్కను, ఆసుపత్రి వసారాలోను, కార్యాలయపు బల్ల ముందును జరుగును. అక్కడ మేళతాళము లుండవు.

ఉమాస్వాతి ఆచార్యులు తత్త్వార్థసూత్రములో ఈ సేవకు పాత్రులైన పది తెగలవారిని చెప్పుచు, వారిలో ‘గ్లానుని’, అనగా రోగపీడితుని, ప్రత్యేకముగ చేర్చిరి. అచ్చట ఉద్దేశింపబడినది ముని సంఘమే. అయినను ముని యందు నేర్చిన సేవాభావమును గృహస్థుడు తన వీధిలోని రోగి యందును చూపవలయును. వీధికి దిగి రాని ధర్మము మందిరములోనే ఉండిపోవును.

మన బాగలూరు వంటి ఊరిని తలచుకొనుడు. తెలుగు, కన్నడము, తమిళము మూడును సంతలో వినబడు చోటు ఇది. ఇట్టి ఊరిలో 1971 యుద్ధమునకు పోయివచ్చిన సైనికు డొకడు కలడనుకొందము. సేవలో కాలు చెడినది. ఇప్పుడు వయస్సు డెబ్బది దాటినది; మూత్రపిండములు దెబ్బతిన్నవి. ఇంట భార్య తప్ప తోడు లేదు. ఆయన మాట తెలుగు. చేతిలోని కాగితములు ఇంగ్లీషు, హిందీ. పోవలసిన కార్యాలయములో తమిళము. బాగలూరు నుండి హొసూరు పోవలెను. హొసూరు నుండి జిల్లా కేంద్రమైన కృష్ణగిరి మరి 50 కిలోమీటర్లు. ఆరోగ్యవంతునికి ఇది ఒక పూట ప్రయాణము. రోగికి ఇది ఒక యుద్ధము.

ఇచ్చట మనలో కొందరి మనస్సున ఒక ప్రశ్న పుట్టవచ్చును. “అతడు ఆయుధము పట్టినవాడు గదా! మనది అహింసాధర్మము. అతని బాధ అతని కర్మఫలము. నడుమ మనమెవరము?” ఈ ప్రశ్నను దాచిపెట్టుట కంటె ఎదుర్కొనుటయే మంచిది.

మొదటి మాట. గృహస్థుని విషయమున మన ఆచార్యులు హింసను సంకల్పి, ఆరంభి, ఉద్యోగి, విరోధి అని నాలుగుగా విభజించిరి. గృహస్థుడు తప్పక విడువవలసినది సంకల్పించి చేయు హింస. దేశమును, ఆశ్రితులను కాపాడుటకై ఎదిరించునప్పుడు జరుగునది విరోధి హింస. అది పుణ్యమని ఎవరును చెప్పలేదు. అయినను శ్రావకునికి అది నిషిద్ధము కాలేదు. శ్రవణబెళగొళలో గోమటేశ్వరుని నిలిపిన చావుండరాయలు గంగరాజుల సేనాపతి. సుమారు 981లో ఆ మహామూర్తిని ప్రతిష్ఠింపజేసిన చేయి కత్తి పట్టిన చేయియే. ఆ కొండ నెక్కి మ్రొక్కు మనము కత్తి పట్టిన మరియొక చేయి వణకుచున్నప్పుడు ముఖము త్రిప్పుకొనుట న్యాయమా?

రెండవ మాట. అసాతావేదనీయ కర్మ ఉదయించుట నిజమే. కాని ఆ సిద్ధాంతము రోగి తన బాధను ఓర్చుకొనుటకు చెప్పబడినది. చూచువాడు తప్పించుకొనుటకు చెప్పబడలేదు. ప్రాణుల యందు అనుకంప, దానము, క్షమ వీనివలన సాతావేదనీయము బంధించునని ఉమాస్వాతులే చెప్పిరి. అతని కర్మ అతనిది. దానిని చూచి మనము చేయునది, చేయక విడుచునది మన కర్మ.

మూడవ మాట వర్తకుని మాట. ఆహారము, ఔషధము, శాస్త్రము, అభయము అని దానములు నాలుగు. సరిహద్దున మంచులోను ఎండలోను నిలిచినవాడు మనకు ఇచ్చినది ఏమి? రాత్రి కొట్టు తలుపు మూసి నిశ్చింతగా నిద్రించు భాగ్యము. లోకరీతిని అది అభయమే. అభయము పుచ్చుకొని ఔషధము ఇయ్యనివాడు ఖాతాలో జమ వ్రాసికొని ఖర్చు వ్రాయనివానివంటివాడు. అట్టి పుస్తకమును మన పెద్దలు ఒప్పుకొందురా?

కావున సైనికుని పింఛనును, చికిత్సను భిక్ష యనుకొనరాదు. 1982 డిసెంబరు 17న నకారా వ్యాజ్యములో సుప్రీముకోర్టు ఇదియే చెప్పినది: పింఛను ప్రభువు దయ తలచి పడవేయు బహుమానము కాదు, చేసిన సేవకు దక్కవలసిన హక్కు. బాకీ వసూలు చేసికొనువాడు తల వంచుకొని నిలువబడ నక్కరలేదు. మనము ఆ రోగికి తోడు పోవునప్పుడు మొదట ఆయన తల ఎత్తవలయును.

ఇక తోడు పోయి చేయవలసిన దేమి? హేమచంద్రాచార్యుల త్రిషష్టిశలాకాపురుష చరిత్రలోని కథ నొకదానిని జ్ఞప్తికి తెచ్చుకొందము. ఋషభదేవుడు ఒక పూర్వజన్మమున జీవానందుడను వైద్యుడు. ఒకనాడు క్రిమికుష్ఠముతో శరీరము పుండ్లుపడిన ముని గోచరికి వచ్చెను. రాజకుమారుడు మొదలైన మిత్రులు, “వైద్యులు ధనము చూచియే చేయి చాచెదరా?” యని జీవానందుని ఎత్తిపొడిచిరి. అతడు, “నా యొద్ద లక్షపాక తైలము కలదు, గోశీర్ష చందనము, రత్నకంబళము లేవు” అనెను. మిత్రులు ఒక వృద్ధ వర్తకుని అంగడికి పోయిరి. ఒక్కొక్కటి లక్ష దీనారముల వెల. “ఎందులకు?” అని వర్తకు డడిగెను. “ముని చికిత్సకు” అనిరి. అతడు రెంటిని వెల లేకయే ఇచ్చివేసెను. తరువాత దీక్ష గొని ముక్తినందెనని కథ. ఆ చికిత్సలో ముని దేహము నుండి వెడలిన క్రిములను సైతము చావనీయక వేరొకచోట చేర్చిరట.

మనకు వైద్యుడు పూజ్యుడే, రాజకుమారుడు పూజ్యుడే. కాని మనవాడు ఆ వర్తకుడు. అతడు తనకు రాని వైద్యము చేయబోలేదు. తన అంగడిలో నున్నదానిని ఇచ్చెను. నేడు మన అంగడిలో నున్న గోశీర్ష చందన మేది? కాగితము చదువుట, తేదీ మరువకుండుట, రసీదు దాచుట, లెక్క సరిచూచుట, అధికారితో మర్యాద తప్పక మాటలాడుట. వస్తు సేవల పన్ను లెక్కలో ఒక్క అంకె తప్పిన కనిపెట్టు కన్ను మనది. ఆ కన్నును రోగియైన సైనికునికి వారమున కొక గంట అరువిచ్చినచో ఎన్నో బాధలు తీరును.

చూడుడు. ఆయనకు కావలసిన మూలపత్రములు మూడు: సైన్యపు డిశ్చార్జి పుస్తకము, పింఛను ఉత్తరువు, గుర్తింపు కార్డు. వీనిలోని పేరు, పుట్టిన తేదీ, భార్య పేరు ఆధారు కార్డుతో సరిపోవలయును. ఒక అక్షరము భేదించినను పని ఆగును. రేపు ఆ ఇల్లాలికి కుటుంబ పింఛను రావలసినప్పుడు అదే అక్షరము అడ్డుపడును. మంచము పట్టకముందే దిద్దించుట మేలు.

2021 తరువాత రక్షణశాఖ పింఛనులు క్రమముగా ‘స్పర్శ్’ అను వ్యవస్థలోనికి మారినవి. ఏటేట తాను జీవించియున్నట్లు ధ్రువపత్ర మియ్యవలెను. ఇయ్యనిచో పింఛను నిలిచిపోవును. వృద్ధుని వ్రేలిముద్రలు అరిగి యంత్రమునకు అందవు. అట్టివారికొరకు 2021 నవంబరునుండి ముఖము చూపి ఇచ్చు పద్ధతియు వచ్చినది. మన ఇంటి పిల్లవాడు ఫోను చేతబట్టి ఆ మంచము దగ్గరకు పోయిన చాలును. బ్రదికియున్న మనుష్యుడు తాను బ్రదికియున్నానని రుజువు చేయలేక మందు మానుకొనుట ఎంతటి దుఃఖము!

చికిత్సకు మాజీ సైనికుల సహకార ఆరోగ్య పథకము 2003 ఏప్రిల్ 1న ఆరంభమైనది. పింఛనుదారుడు కార్డు పొంది, పాలీక్లినిక్కులో చూపించుకొని, వారి సిఫారసు పత్రముతో ఒప్పందము గల ఆసుపత్రికి పోవలెను. యుద్ధములో వికలాంగులైనవారు చందా చెల్లింప నక్కరలేదు. ప్రాణాపాయ సమయమున ఒప్పందము లేని ఆసుపత్రిలో చేర్చినను 48 గంటలలో పాలీక్లినిక్కునకు తెలుపవలెను. భర్త స్మృతి తప్పియున్నప్పుడు ఆ ముసలియమ్మకు ఈ 48 గంటల నియమము ఎవరు గుర్తుచేయుదురు? ఆ ఒక్క ఫోను చేయువాడే ఆ దినమున గొప్ప తపస్వి.

నూటికి నూరుపాళ్లు వైకల్యము కలిగి, ఎల్లప్పుడు పరిచారకుడు కావలసినవానికి వైద్యమండలి సిఫారసుపై ప్రత్యేక భత్యము కలదు. పింఛను లేనివారికి తీవ్రవ్యాధులలో కేంద్రీయ సైనిక మండలి సహాయమును జిల్లా మాజీ సైనికుల సంక్షేమ కార్యాలయము ద్వారా కోరవచ్చును. ఇవి ఉన్నవని తెలియక కాలము చేసిన పేదలు ఎందరో!

కాదనిపించుకొన్న వారి సంగతి వేరు. పాత సైనికులకు వర్తించు నియమము ప్రకారము వైకల్య పింఛనుకు వైకల్యము నూటికి 20 పాళ్లకు తగ్గరాదు. అది సేవవలన కలిగినదిగానో, సేవవలన ముదిరినదిగానో ఉండవలెను. ధరంవీర్ సింగ్ అను సిపాయి 1985లో సిగ్నల్స్ దళమున చేరి, 1994లో మూర్ఛవ్యాధిచే 20 పాళ్ల వైకల్యముతో ఇంటికి పంపబడెను. అది శరీరతత్త్వమునకు చెందిన జబ్బు, సేవకు సంబంధము లేదని వైద్యమండలి వ్రాసినది. అతడు విడువలేదు. 2013 జూలై 2న సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది: చేరునప్పుడు జబ్బున్నట్లు వ్రాతలో లేనిచో తరువాత వచ్చినది సేవవలననే వచ్చినట్లు భావింపవలెను, కాదనువారే కారణము చూపవలెను, సందేహఫలము సైనికునికే చెందును. ఇది ప్రతి వ్యాధికిని తనంతట వర్తించునని తలపరాదు. తరువాతి తీర్పులు కొన్ని వైద్యమండలి మాటకే బలమిచ్చినవి. అయినను తిరస్కారపత్రము వచ్చినంతనే కథ ముగిసినదని చింపివేయరాదు. 2007 చట్టముచే ఏర్పడిన సైనిక ట్రిబ్యునలు శాఖ చెన్నైలో కలదు. ధరంవీర్ సింగ్ పొందిన న్యాయమునకు పందొమ్మిదేండ్లు పట్టినవి. అన్నియేండ్లు రోగి ఒంటరిగా నిలువగలడా?

ఇక సున్నితమైన మాట. తీవ్రవ్యాధి అనగానే మన ఇండ్లలో సల్లేఖన ప్రస్తావన వచ్చును. అది మహావ్రతము. కాని సమంతభద్రాచార్యులు దానిని ప్రతీకారము లేని ఆపద, దుర్భిక్షము, వార్ధక్యము, రోగములందే విధించిరి. ప్రతీకారము వెదకకుండ, లేదనుటకు మన కధికార మేది? డబ్బు లేక, కాగితము కదలక మందు ఆగిపోయి చనిపోవుట సల్లేఖన కాదు. అది మన నిర్లక్ష్యము. ఆ ఆచార్యుని జీవితమే దీనికి సాక్షి. ఆయనకు భస్మకవ్యాధి పట్టెను. ఎంత తిన్నను తీరని ఆకలి. మునివ్రతము సాగదని సల్లేఖనకు గురువు ననుమతి వేడిరి. గురువు ఒప్పుకొనలేదు. “నీ వలన ధర్మమునకు కావలసిన పని కలదు. వేషము విడిచియైనను రోగము మాన్పుకొని రమ్ము” అన్న భావముతో పంపిరి. తరువాత ఆయన ఒక శివాలయమున నైవేద్యమును ఆరగించి స్వస్థులైరని, అది కంచిలోనని కొందరు, కాశిలోనని కొందరు చెప్పుదురు. గురువు తపస్సు కంటె ముందు చికిత్సను ఉంచెనని మనము గ్రహింపవలసినది. శిష్యుడు బ్రదికెను గనుకనే మనకు రత్నకరండక శ్రావకాచారము దక్కినది.

సేవకు ఒక గుణము తప్పనిసరి. సమ్యక్త్వమునకు గల ఎనిమిది అంగములలో నిర్విచికిత్స ఒకటి, జుగుప్స లేకుండుట. కుష్ఠరోగియైన ముని వేషమున వచ్చిన దేవుడు తినిన యన్నమంతయు తనపై వాంతి చేసికొన్నను ఉద్దాయన మహారాజు, “నేను పెట్టిన ఆహారమే సరిపడలేదేమో” యని తననే నిందించుకొని కడిగెను. నేటి జుగుప్స వాంతిని చూచి మాత్రమే కాదు. రోగి చెప్పినదే చెప్పుచుండును, విసుగుకొనును, ఒకనాడు మనపైననే కోపించును. నొప్పితో నున్నవాని కోపమును కడిగివేయుటయు ఉద్దాయనుని పనియే.

కావున ఈ సంచిక చదువు కుటుంబములకు నా విన్నపము. ప్రతి ఊరి సంఘమును తన వీధులలో వికలాంగులై, రోగులై యున్న పాత సైనికు లెవరో కనుగొనవలెను. ఒక్కొక్కరికి ఒక పుస్తకము పెట్టి, ఏ కాగితము ఎన్నడు ఎవరికిచ్చితిమో, బదులు ఎన్నడు రావలెనో మన కొట్టు పుస్తకమువలె వ్రాయవలెను. మూలపత్రములను మన యొద్ద ఉంచుకొనరాదు. నకలు తీసి వారివి వారికే ఇయ్యవలెను. పైకము పుచ్చుకొనరాదు. చేసిన సేవను ఫొటో తీయించి ప్రకటింపరాదు. సోదరీమణులు ఆ ఇల్లాలి ప్రక్కను ఒక పూట కూర్చుండి ఆమెను నిద్రపోనీయవలెను. రోగిని చూచువారు ఎందరైనను, రోగిని చూచుకొనునామెను చూచువారు అరుదు.

ఉపవాసమున మన కడుపు ఒక దినము ఖాళీగా నుండును. వైయావృత్త్యమున మన అహంకారము ఖాళీ యగును. మన కొట్టు మూయు వేళకు ఆ మంచము మీది సైనికుడు తన కాగితముల సంచి తలక్రింద పెట్టుకొని, “ఇది నా ఒక్కని బరువు కాదు” అని కన్ను మూసి నిద్రించిన యెడల, ఆ రాత్రి మనకు కలుగు నిర్జర చిన్నది కాదు.

సర్వజీవులకును ఆరోగ్యము, సమాధి, సద్బోధ కలుగుగాక!

జై జినేంద్ర.